ఆ డిట్టోలన్నీ నావే

ఆటోనగర్లో మాది లారీ స్పేర్ పార్టుల కొట్టు. ముందు కౌంటరు, వెనక గోడౌను. కొట్టు ఓనరుగారిదే గానీ ఆ గోడౌనులో ఏ మూల ఏముందో తెలిసిన బుర్ర నాది. కమాను పట్టీ చూపిస్తే ఏ బండిదో చెప్పేవాణ్ణి. బుష్షు చేతిలో పెడితే కళ్ళు మూసుకుని సైజు చెప్పేవాణ్ణి. చదువు మాత్రం నలభై అయిదు దాటాకే వచ్చింది. కొట్లో పనిచేసిన పాత గుమాస్తాగారు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఖాళీ అట్టపెట్టెల మీద సుద్దముక్కతో రాయించి నేర్పారు. అక్షరాలు వచ్చాక గోడౌను రిజిస్టరు నేనే రాశాను. ఎంత గర్వంగా రాశానో చెప్పలేను. ఎంత కష్టపడి రాశానో మాత్రం చెప్పగలను. ఒక్క ‘బ్రేక్ లైనర్’ రాసేసరికి వేళ్ళు పీక్కుపోయేవి.

కొట్లోకి కంప్యూటరు తొంభైల చివర్లో వచ్చింది. ఏ పనికి ఏయే సామాను కావాలన్నది ఒక డేటాబేసులో ఉండేది. గోడౌనులో ఏది ఎక్కడుందన్నది ఇంకో డేటాబేసులో ఉండేది. ఎవరో ఇద్దరు వేరువేరుగా చేసిపెట్టి పోయారు. ఒకదాని సంగతి రెండోదానికి తెలియదు. లారీకి ముందు యాక్సిల్ పని పడిందనుకోండి, ఏమేం కావాలో మొదటిదాన్ని అడిగి, అది ఇచ్చిన జాబితా అచ్చు తీసి, ఆ కాగితం చూస్తూ ఒక్కో పేరూ మళ్ళీ టైపు చేసి రెండోదాన్ని అడగాలి. ఈలోగా మెకానిక్కు రెండు టీలు తాగి, మమ్మల్ని నాలుగు తిట్టి, పక్క కొట్టుకి పోయేవాడు.

“ఇదంతా ఎందుకండీ, నన్నొక కేకేస్తే అయిపోద్దిగా?” అన్నాను ఓనరుగారితో.

“నువ్వు జొరమొచ్చి పడుకుంటే కొట్టు మూసుకోమంటావా?” అన్నారాయన.

నేను మళ్ళీ గోడౌన్లోకి వెళ్ళిపోయాను.

అప్పుడు నెల రోజుల ట్రయల్ మీద ఒకమ్మాయిని పెట్టారు. మా వెనక వీధిలో లేతు మిషను నడిపే సాయిబుగారి కూతురు. బెంజ్ సర్కిల్ దగ్గర కంప్యూటరు నేర్చుకుంది. డిగ్రీ పూర్తి కాలేదని అక్కడే మూడు ఆఫీసులవాళ్ళు వద్దన్నారట. ఓనరుగారు ఆఖరి వారం సోమవారం తేల్చి చెప్పారు: “శనివారానికి నెలవుద్ది. ఈలోగా ఆ రెండూ కలిసి పనిచేస్తే ఉద్యోగం నీది. లేదంటే నీ దారి నువ్వు చూసుకో తల్లీ.”

నేను ఖాళీ దొరికినప్పుడల్లా వెళ్ళి ఆ అమ్మాయి వెనక నిలబడేవాణ్ణి.

“ఏంటమ్మాయ్, నల్ల తెర మీద చీమల్ని పాకిస్తున్నావు?”

“షెల్లంటారు బాబాయ్ దీన్ని. బొమ్మలుండవు. మనం మాట రాస్తే అది పని చేస్తుంది. ఇది మొదటి డేటాబేసుని అడిగే స్క్రిప్టు, అంటే వరసగా రాసిపెట్టిన ఆజ్ఞలు. ఇది రెండోదాన్ని అడిగేది. మధ్యలో ఈ నిలువు గీత చూశారా? పైపంటాం. ఎడమ పక్క వచ్చిన జవాబు కాగితం ఎక్కకుండా నేరుగా కుడి పక్కకెళ్ళిపోద్ది. ఒక్కో వరసా అందుకుని అది గోడౌన్నడుగుద్ది.”

నాకు ఒళ్ళు ఝల్లుమంది. లారీ దించేటప్పుడు మేం చేసేది అదే కదా! బండి నుంచి ర్యాకు దాకా వరసగా నిలబడి చేతి నుంచి చేతికి అందించుకుంటాం. సామాను నేల మీద పెట్టం. మధ్యలో ఎవడూ దాన్ని మళ్ళీ లెక్కపెట్టడు. ఈ పిల్ల అదే పని పేర్లతో చేయిస్తోంది. ఆ సంగతి చెబితే నవ్వి, “మీరు భలే పట్టుకున్నారు బాబాయ్, మా సారు వారం చెప్పినా నాకు ఎక్కలేదు” అంది.

గురువారం ఓనరుగారి ఎదుట నడిపి చూపించింది. ముందు యాక్సిల్ పనికి పద్నాలుగు సామాన్లు. ఎంటర్ కొట్టగానే జవాబులు టకటకా దిగాయి. నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను. మూడింటికే ర్యాకు నంబర్లు వచ్చాయి. మిగతా పదకొండింటి పక్కనా ‘లేదు’ అని పడింది.

“గోడౌను పగిలిపోయేంత సరుకుంటే లేదంటదేంటి? మీ మిషనుకి కళ్ళజోడు కొనాలా?” అని ఓనరుగారు లేచి వెళ్ళిపోయారు. అమ్మాయి ఆ పదకొండు పేర్లూ కాగితం మీద రాసుకుంది.

శుక్రవారం పొద్దున్నే నేను షట్టరు ఎత్తేసరికి వచ్చి నిలబడి ఉంది. “పైపులోనే ఎక్కడో పేర్లు జారిపోతున్నాయి బాబాయ్” అంది. మొదటి స్క్రిప్టు ఇచ్చిన జవాబుని రెండోదానికి పంపకుండా ఒక ఫైల్లోకి మళ్ళించి చూసింది. పద్నాలుగూ ఉన్నాయి, ఒక్కటీ జారలేదు. అయితే తేడా అవతలి వైపే ఉండాలి. గోడౌను డేటాబేసులో ఉన్న పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో చూపించమంది.

తెర మీద పేర్లు పరిగెత్తాయి. యాక్సిల్, బేరింగు, బుష్షు, క్లచ్ ప్లేటు, డిస్కు. ఆ తర్వాత డిట్టో. డిట్టో. డిట్టో. తెర నిండిపోయింది, ఇంకో తెరా నిండింది, ఇంకా డిట్టోలే. ఎప్పటికో డ్రమ్ము వచ్చింది.

“డిట్టో అనే పార్టు ఏదన్నా ఉందా బాబాయ్?” అంది, పాపం, నిజంగానే.

నేను అక్కడున్న టైరు మీద కూలబడ్డాను. నవ్వాగలేదు, సిగ్గూ ఆగలేదు. “అవి పార్టులు కావమ్మాయ్. నావి” అన్నాను.

గుమాస్తాగారు నాకు నేర్పినవాటిలో నాకు బాగా నచ్చింది ఒక్కటే. పైన రాసిన పేరే కిందా వస్తే మళ్ళీ రాయక్కర్లేదు, రెండు చిన్న గీతలు పెడితే చాలు. ఆ ఉపాయం దొరికాక నేను ఊరుకుంటానా? లైనర్లు ఏడు సైజులుంటే పేరు ఒక్కసారి రాసి ఆరు వరసల్లో గీతలు పెట్టాను. బుష్షులకైతే పేజీ మొదట్లో ఒక్క పేరు, తర్వాత పేజీన్నర గీతలే. చూసేవాడి కన్ను పైకెళ్ళి పేరు వెతుక్కుంటుంది. ఈ అమ్మాయికి ముందు వచ్చిన ఆపరేటరు నా రిజిస్టరు ముందు పెట్టుకుని, గీతలున్న ప్రతిచోటా బుద్ధిగా ‘డిట్టో’ అని ఎక్కించి పోయాడు. మిషనుకి పైవరస అంటూ ఏముంది? అడిగిన సైజున్న వరస ఒక్కటే లాగి చూస్తుంది, పేరు కలవకపోతే లేదంటుంది.

“మరి మీరెలా చదువుతారు బాబాయ్, వరసగా?” అని అడిగింది.

“పేరొకటి చేతిలో పట్టుకుంటా. గీతలొస్తే చేతిలో ఉన్నదే అనుకుంటా. కొత్త పేరొస్తే పాతది వదిలేసి దాన్ని పట్టుకుంటా.”

అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. “అంతే! అంతే బాబాయ్! పేజీ నంబరూ వరస నంబరూ కూడా ఎక్కించాడు ఆ మహానుభావుడు!”

నేను చెప్పిన మాటలే స్క్రిప్టుగా రాసింది. గోడౌను డేటాబేసు నుంచి వరసలన్నీ నా రిజిస్టరు వరసలోనే రావాలి. పైపు దాటి ఈ కొత్త స్క్రిప్టులోకి వెళ్ళాలి. అది పేరు చేత్తో పట్టుకుని డిట్టోల స్థానంలో పెడుతూ పోవాలి. ముందు డేటాబేసుకి నకలు తీసి, ఆ నకలు మీద నడిపింది. డిట్టో ఒక్కటీ మిగల్లేదు. ఇద్దరం కలిసి అరిచిన అరుపుకి పక్క కొట్టువాళ్ళు తొంగిచూశారు.

శనివారం ఓనరుగారు వచ్చి కూర్చోకముందే చెప్పేశాను. “తప్పు ఈ పిల్లది కాదండీ, నాది. రాయడానికి బద్ధకించి గీతలు పెట్టాను.”

“మరి ఇన్నాళ్ళూ ఆ రిజిస్టరు చూసే సరుకు తీశావా నువ్వు?”

“నాకు రిజిస్టరెందుకండీ? అది మీకోసం రాశాను.”

ఆయనకి నవ్వొచ్చింది గానీ పైకి తేలనివ్వలేదు. ఆ టైముకి హనుమాన్ జంక్షన్ నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. బండి రోడ్డు పక్కనే నిలిచిపోయిందట. ముందు యాక్సిల్ పనే. “ఊఁ, కొట్టు చూద్దాం” అన్నారు ఓనరుగారు. అమ్మాయి కుర్చీ ముందుకు లాక్కుంది. ఎంటర్ కొట్టింది. పద్నాలుగు వరసలు, పద్నాలుగింటికీ ర్యాకు నంబర్లు.

“కాగితం చూసే తీసుకురా. నీ బుర్ర వాడకు” అన్నారు నాతో.

అచ్చు తీసిన కాగితం పట్టుకుని వెళ్ళాను. పదమూడు నాకు తెలిసినచోటే ఉన్నాయి. పద్నాలుగోది యూ బోల్టులు, ఎనిమిది. మెట్ల కింది ర్యాకు నంబరు రాసుంది. అక్కడ లేవని నాకు బాగా తెలుసు, వెనక్కొచ్చి అదే చెబుదామనుకున్నాను కూడా. అయినా చెయ్యి పెట్టి చూశాను. దుమ్ము కొట్టుకున్న గోనెసంచీలో, నేనే పెట్టి నేనే మర్చిపోయినవి, ఎనిమిదీ ఉన్నాయి.

సంచీ భుజాన వేసుకుని కౌంటరు దాకా పరిగెత్తుకొచ్చాను. ఆ వయసులో పరుగేమిటని అనుకోలేదు. “దొరికాయండీ! నాక్కూడా గుర్తులేనివి దొరికాయి!” అన్నాను.

మెకానిక్కు సామాను సరిచూసుకుంటూ, “రెండు టీల పని ఒక్క టీకి కూడా రాలేదేంటండీ ఇవాళ” అన్నాడు.

ఓనరుగారు యూ బోల్టు ఒకటి తీసి తిప్పి చూసి బల్ల మీద పెట్టారు. అమ్మాయి వైపు తిరిగి, “సోమవారం పెందలాడే రా తల్లీ. పక్క వీధిలో మన టైర్ల కొట్టుది కూడా ఇలాగే చేసిపెట్టాలి” అన్నారు.