తన వాదనకే అడ్డం తిరిగిన లాయరప్ప

మా సీనియర్ వీరభద్ర గారు డోన్ కోర్టులో ఏళ్ల తరబడి సివిల్ దావాలు నడిపి, ఆ తర్వాత ఎమ్మెల్యే అయ్యారు. ఓట్లడగడానికి ఏ ఊరికి పోయినా పాత కక్షిదారులే ఎదురయ్యారు. ఆయన గెలిపించినవాళ్లు దండలేశారు. ఆయన చేతిలో ఓడినవాళ్లు కూడా "నోరుండే మనిషప్పా" అంటూ ఓటేశారు. ఆ నోరే ఆయన్ని ఇరికిస్తుందని జూనియర్‌నైన నాకు మాత్రం ఏం తెలుసు?

గుండ్లమిట్ట అనే ఊరికి సరైన దారి లేదు. వాన పడితే నల్లరేగడిలో చెప్పులు వదిలేసి నడవాల్సిందే. వంకలో నీళ్లొచ్చి అంబులెన్సు అవతలే ఆగిపోతుంది. వానాకాలం లోపల రోడ్డు వేయిస్తానని ఆయన మాటిచ్చారు, తిప్పలు పడి నిధులూ తెచ్చారు. తీరా కొలతలకు వెళితే, రోడ్డు అయ్యన్న అనే రైతు చేను మధ్యలోంచి పోవాలి. అయ్యన్న ఇంట్లోంచి కోర్టు తీర్పు తెచ్చి ఎమ్మెల్యే చేతిలో పెట్టాడు.

"ఈడ బాటనేదే ఎప్పుడూ లేదని జడ్జి ముందర గొంతు చించుకున్నది ఎవురు లాయరప్పా? నువ్వే గదా!"

నిజమే. ఆ చేను వెనకున్న మహాదేవమ్మ, తాతల నాటి బండిబాట ఉందని దావా వేస్తే, అయ్యన్న తరపున వాదించి ఆమెను ఓడించింది మా సీనియరే. కొలతలకు వచ్చిన ఇంజనీరు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు. భూసేకరణకు పోతే ఏళ్లు పడుతుంది, అంతవరకు వాన ఆగదు.

"అంత బాగా వాదించకుండా ఉండాల్సింది సుప్రజా" అన్నారాయన కారులో. జాలేసింది, నవ్వూ వచ్చింది.

అయినా వదలకుండా అయ్యన్న ఇంటి చుట్టూ తిరిగారు. చివరికి అయ్యన్న ఒక మెలిక పెట్టాడు.

"నా తరపున ఎట్ల వాదించినావో, ఆయమ్మ తరపున గూడా అట్లే వాదించు. ఊరంతా ఇనాల. నన్ను ఓడిస్తే జాగా ఇడుస్తా."

ఆదివారం చావడి నిండిపోయింది. మా సీనియర్ నల్లకోటు తొడుక్కునే వచ్చారు.

"బాట లేకుంటే నీ గట్టు మీద రెండు యాపచెట్ల నడుమ బండి పట్టేంత సందు ఎందుకిడిచినాడప్పా మీ నాయన? దున్నేటప్పుడు ఆ జాడలోనే నాగలి ఎందుకు దిగదు? బండ్లు తిరిగి తిరిగి నేల బిగుసుకున్నందుకు కాదా?"

కుర్రాళ్లు ఈలలేశారు. అయ్యన్న తల గోక్కుని, "శానా గట్టోడివప్పా, ఓడిపోతి" అని నవ్వేశాడు.

అప్పుడు మహాదేవమ్మ లేచింది. "లాయరప్పా, ఈ సంగతులన్నీ నీకు ఆపొద్దు కోర్టులో గూడా తెలుసా?"

"తెలుసమ్మా" అన్నారాయన. "అవి మీ లాయరు చెప్పాల్సిన మాటలు."

"ఆయప్ప చెప్పకపాయ. నడువు, నా చేను ఎట్లుండాదో సూద్దువు."

అయ్యన్నే ముందు పోయి ఆ సందుకు అడ్డంగా తాను వేసిన ముళ్లకంప లాగేశాడు. అందరం ఆమె వెనక నడిచాం. బండి పోయే దారి లేక బీడుపడిన చేను, ఎటు చూసినా కంపచెట్లే. మా సీనియర్ తల దించుకున్నారు. ఆయన్ని అలా చూడటం నాకదే మొదలు. నాకు మనసు చివుక్కుమంది.

ఆయన ఆమె వైపు తిరిగి అన్నారు. "రేపు జేసీబీ వస్తాది మహాదేవమ్మా. ముందు నీ చేనులోకే. బాడుగ నాది."

ఆమె కొంగు నడుముకు బిగించి మబ్బు వైపు చూసింది. "పొద్దున్నే పంపు. ఈ తూరి మొదటి వానకే ఇత్తనం పడాల."