సువార్త బండిలో గరగర

మార్కాపురం తాలూకాలో దేవదానం చెవులంత గొప్ప చెవులు ఇంకొకరికి లేవు. ఈ మాట ఊళ్లో ఎవరూ అనలేదు. దేవదానమే అన్నాడు, అదీ ఎవరూ అడక్కుండానే. ఊరి బయట మలుపు తిరిగే లారీ చప్పుడు విని, అది కనపడకముందే దాని రోగమేందో కాఫీ హోటల్లో కూర్చొని చెప్పేవాడు. ఆ లారీ రయ్యిన వచ్చి ఏ రోగమూ లేకుండా రయ్యిన పోతే, "ఇప్పుడు లేదు, పొదిలి దాటినాక తెలుస్తుంది" అనేవాడు. పొదిలి దాకా పోయి చూసొచ్చేదెవరు?

ఆయన యుద్ధంలో మిలిటరీ బండి తోలినోడు. బర్మా సరిహద్దు చూసొచ్చినానని చెప్పుకుంటాడు గానీ, బెంగుళూరు డిపో దాటి అడుగు బయట పెట్టలేదని భార్య మణెమ్మకు తెలుసు. తెలిసీ ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మహాతల్లి ఆమె.

యుద్ధం అయిపోయినాక మిషను వాళ్లు వేలంలో ఒక పాత మిలిటరీ వ్యాను కొన్నారు. వెనకాల చెక్క పెట్టెలో పెద్ద స్పీకరు బిగించి, దానికి మైకూ బ్యాటరీలూ తగిలించి, సువార్త బండి అని పేరు పెట్టినారు. ఊరూరా తిరిగి వాక్యం చెప్పాలని వాళ్ల ఆశ. తోలడానికి దేవదానాన్ని పెట్టుకున్నారు. అంతే, మనిషి నేలమీద నడవడం మానేసినాడు. పొద్దున లేస్తే బండి తుడవడం, పడుకునే ముందు బండి తుడవడం. సొంత బిడ్డ మొహం అన్నిసార్లు తుడిచి ఉంటే పుణ్యమన్నా వచ్చేది.

పాత బండి ఊరికే ఉంటుందా? ఒక దినం తలుపు కొట్టుకునేది, ఇంకో దినం సీటు కింద రేకు మోగేది. మార్కాపురం మనిషికి దానికి మందు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక్కడ మంచం ఊగితే కాలి కింద పలక ముక్క పెడతారు. కిటికీ రెక్క కొట్టుకుంటే సందులో పలక ముక్క. కుండ మీద మూతా పలక ముక్కే. పలక రాయి తవ్వే గనుల చుట్టూ, పలకలు చేసే కార్ఖానాల వెనకాలా ఆ ముక్కలు గుట్టలుగా పడుంటాయి, ఎవరైనా తెచ్చుకోవచ్చు. దేవదానం కూడా బండిలో ఎక్కడ చప్పుడైతే అక్కడ ఒక పలక ముక్క దోపినాడు. సందు లేకపోతే చప్పుడెక్కడిదని ఆయన వాదన. స్పీకరు పెట్టె కింద, పక్కన, వెనక అయితే ఇంకా భక్తిగా దోపినాడు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. కొనకనమిట్లలో వానకోసం ప్రార్థన కూడిక పెట్టాలని పాదిరి సత్యానందంగారు అనుకున్నాడు. అక్కడ మణెమ్మ పాడితే బాగుంటుందని ఆయన మనసు. మణెమ్మ పలకల కార్ఖానాలో పలకలు రుద్దే పని చేస్తుంది. రుద్దుతా రుద్దుతా తనే ఒక పాట కట్టుకున్నది. "ఒక్క చినుకు రాల్చు తండ్రీ, ఒక్క చినుకు రాల్చు" అని ఎత్తుకుంటుంది. రెండోసారి "తండ్రీ" అనేటప్పుడు గొంతు పైకి పోయి అక్కడే నిలబడుతుంది. ఆ చోటికి వచ్చేసరికి కార్ఖానాలో పక్కనున్న ఆడవాళ్లు చేతిలో పని ఆపేస్తారు.

ఆదివారం ఆరాధన అయినాక గుడి ముందర బండి నిలబెట్టి ఒకసారి పాడించి చూసినారు. మణెమ్మ మైకు ముట్టుకోవడం అదే మొదలు. అయినా గొంతు వణకలేదు. మొదటి "తండ్రీ" బాగానే వచ్చింది. రెండో "తండ్రీ" పైకి పోయి నిలబడిందో లేదో, స్పీకరు గర్రుమన్నది. ఎవరో ఇసకలో చిప్పగరిటె రుద్దినట్టు ఒకటే గరగర. పిల్లలు చెవులు మూసుకున్నారు.

"ఏంది దేవదానం, ఆ గరగర?" అన్నాడు పాదిరిగారు.

"చూస్తానయ్యగారూ" అని ఉంటే ఏ గొడవా లేకపోవును. కానీ బండిని అంటే దేవదానానికి తనను అన్నట్టే. అందులోనూ సంఘం సంఘమంతా నిలబడి చూస్తా ఉంది.

"బండిలో ఏమీ లేదయ్యగారూ, నా చెవికి తెలీదా? మా ఆడమనిషి గొంతే రాసుకపోయింది. పలకల దుమ్ము మింగీ మింగీ అట్లయింది" అన్నాడు.

కొందరు నవ్వినారు. మణెమ్మ నవ్వలేదు. మైకును సీటు మీద పెట్టి, కొంగు సర్దుకొని ఇంటికి నడిచిపోయింది.

తిడుతుందేమో, తిడితే తిట్టించుకుందామని దేవదానం తయారయ్యే ఇంటికి పోయినాడు. ఆమె తిట్టలేదు. సంగటి పెట్టింది, పచ్చిమిరపకాయల పచ్చడి వేసింది.

"అయ్యగారితో చెప్పు బావా, నేను కొనకనమిట్లకు రాను. దుమ్ముకొట్టుకపోయిన గొంతుతో ఏం పాడతాను? ఇంకెవర్నన్నా చూసుకోమను" అన్నది.

రెండు దినాలు పోతే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. సర్దుకోలేదు. పొయ్యి రాజేస్తా పాడేది మానింది. నీళ్లు తోడతా పాడేది మానింది. గుడిలో అందరూ పాడుతుంటే పెదవులు బిగించుకొని కూర్చుంది. తన ఇంట్లో అంత పాట ఉండేదని దేవదానానికి అది లేకుండా పోయినాకే తెలిసింది. మరి ఇన్నేండ్లూ ఆ గొప్ప చెవులు ఏం చేస్తున్నట్టు? లారీలు వింటా ఉన్నాయి.

పాదిరిగారు ఏం చేస్తాడు, బడిపిల్లలకు పాటలు నేర్పే ఏసమ్మను పిలిపించినాడు. ఏసమ్మ బండి దగ్గరికి వచ్చి, మణెమ్మ పాటనే ఎత్తుకుంది. రెండో "తండ్రీ" దగ్గర స్పీకరు గర్రుమన్నది. అదే చోట, అదే గరగర.

ఏసమ్మ పాట ఆపి దేవదానం వైపు తిరిగింది. "అన్నా, నేను పలకలు రుద్దనే. నా గొంతుకేమైంది మరి?"

పాదిరిగారు మబ్బు కోసం చూస్తున్నట్టు ఆకాశంలోకి చూసినాడు. మబ్బు లేదు. దేవదానం నేలలోకి చూసినాడు. అది కూడా నోరు తెరవలేదు.

ఆ సాయంత్రమే ఆ గరగర అంతు చూడాలని బండిని ఊరి బయట బీడు నేలలోకి తోలుకపోయినాడు. అది పై గొంతుకు తప్ప పలకదు. పాడేవాళ్లు కావాల. ఎవర్ని పిలుస్తాడు? ఏ మొహం పెట్టుకొని పిలుస్తాడు? తనే పాడదామనుకున్నాడు. ముందర సీట్లో మైకు పట్టుకొని "తండ్రీ" అని అరిచి, మైకు పడేసి, పరుగెత్తి వెనకాల పెట్టెకు చెవి ఆనించేవాడు. ఆయన చేరేసరికి చప్పుడు ఆగిపోయేది. మళ్లీ ముందరికి, మళ్లీ అరుపు, మళ్లీ వెనక్కి. తన గొంతును తనే తరుముకుంటా బండి చుట్టూ తిరిగినాడు. అనుమానం వచ్చిన చోటల్లా ఇంకో పలక ముక్క దోపినాడు. గరగర తగ్గలేదు సరిగదా, దానికి తోడు పుట్టినట్టయింది.

మేకలు తోలుకపోతున్న ఓబులయ్య నిలబడి చాలాసేపు చూసినాడు.

"ఏం దేవదానం మామా, కడుపునొప్పా?"

"పాట పాడుతున్నానురా."

"ఎందుకు?"

దేవదానం ఇంకో పలక ముక్క తీసి పెట్టె సందులో దోపినాడు.

"పాడితే పాడు గానీ, నా మేకలు ఈ పొద్దు పాలిచ్చేటట్టు లేవు" అని ఓబులయ్య మంద మళ్లించుకొని పోయినాడు. దేవదానం బండి మెట్టు మీద కూలబడి తనను తానే తిట్టుకున్నాడు. ఒరే ఎద్దూ, పాడే మనిషి ఇంట్లో ఉంటే ఆమె నోరు మూయించి నువ్వు పాడుతున్నావురా, అనుకున్నాడు.

ఇంటికి పోయేసరికి మణెమ్మ చేటలో జొన్నలు చెరుగుతా ఉంది. దేవదానం గడపలో నిలబడినాడు, తల గోక్కున్నాడు, దగ్గినాడు.

"మణీ, ఒక్కసారి బండి దగ్గరికి రావాల."

"ఎందుకు?"

"నువ్వు పాడితే గాని అది పలకదు."

"ఏది?"

"ఆ గరగర. అది బండిదే. నీది కాదు."

"ఏందీ? వినపడలా. నీ చెవులంత గొప్పవి కావులే నావి."

దేవదానం గొంతు పెంచి మళ్లీ చెప్పినాడు. ఇంకోసారి చెప్పించుకుంది. పక్కింటి తడిక వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మణెమ్మ చేట పక్కన పెట్టింది. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"నిజమేనేమో అనుకుంటి బావా. మా కార్ఖానాలో రంగనాయకమ్మత్తకు దగ్గి దగ్గి మాటే రాకుండా పోయింది గదా. నాకూ మొదలైందేమో, పైకి తెలీకుండా లోపల మొదలైందేమో అని భయపడి చస్తి. పాడితే తెలిసిపోతుందని పాడేదే మానేస్తి."

దేవదానం వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కోపంతో మానిందనుకున్నాడు గానీ భయంతో మానిందని తోచనే లేదు. బండి పరువు కాపాడబోయి ఇంటి మనిషిని ఇంత భయపెట్టినానే అనుకున్నాడు.

"వస్తాలే. నాకూ తెలుసుకోవాలని ఉంది" అన్నది ఆమె మొహం తుడుచుకొని. "కానీ కొనకనమిట్లలో పాడేది మాత్రం ఇప్పుడే చెప్పను. ఎంతమంది ముందర నా గొంతును అంటివో, అంతమంది ముందర ఆ మాట వెనక్కి తీసుకో. మైకులో చెప్పు. అప్పుడు చూస్తా."

"మైకులోనా? పరువు పోదా మణీ?"

"నాది పోయినప్పుడు నువ్వు పక్కనే నిలబడి ఉంటివి గదా బావా."

ఆయన గడప దిగినాడు. ఇద్దరూ బండి దగ్గరికి పోయినారు. మణెమ్మ ముందర కూర్చొని "తండ్రీ" అని పై గొంతులో పట్టి నిలిపింది. దేవదానం వెనకాల పెట్టె సందులో తల దూర్చి, వేలితో ఒక్కొక్క చోటే తడిమినాడు. పెట్టెకూ రేకుకూ నడుమ ఒక పలక ముక్క వేలికి జివ్వుమని తగిలింది. లాగి పారేసినాడు. గరగర కొంచెం సన్నబడింది. పక్కన ఇంకో ముక్క, అదీ రేకును రాసుకుంటా వణుకుతా ఉంది. కింద ఒకటి, వెనక ఒకటి. అన్నీ ఆయన సొంత చేతులతో దోపినవే. చప్పుడు ఆపాలని పెట్టిన ముక్కలే చప్పుడు చేస్తున్నాయి. రాయిని తీసుకపోయి రేకుకు ఆనించి, అది మోగకుండా ఉంటుందనుకున్న మేధావి మార్కాపురంలో ఆయనొక్కడే.

బండి పక్కన పలక ముక్కల కుప్ప పెరిగేకొద్దీ మణెమ్మ పాట మధ్యలో నవ్వు దూరింది. "బావా, ఇందులో సువార్త ఎంతుందో గానీ, కార్ఖానాలో మాకు లేనంత సరుకుంది."

"నవ్వు, నవ్వు. ముందు ఆ తండ్రిని వదలకుండా పట్టుకో" అన్నాడు దేవదానం లోపలినుంచి. ఆమె నవ్విందని ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పాత సైకిలు ట్యూబు కోసి, గోనెపట్టా మడిచి, ఖాళీ అయిన సందుల్లో మెత్తగా సర్దినాడు. ఆమె మళ్లీ పాడింది. ఏ గరగరా లేదు. మణెమ్మ పాట ఆపి తన గొంతు మీద చెయ్యి పెట్టుకుంది.

కొనకనమిట్ల కూడికకు చుట్టుపక్కల పల్లెలనుంచి జనం వచ్చినారు. ప్రార్థనకు వచ్చినవాళ్లు బండి ముందర కూర్చుంటే, ఊళ్లో పై కులాలుండే పెద్ద వీధివాళ్లు గొర్రెలు ఇంటికి తోలి దూరంగా నిలబడి వింటున్నారు. పాదిరిగారి సంఘం కూడా మార్కాపురంనుంచి దిగింది. మణెమ్మ వచ్చింది గానీ బండి ఎక్కలేదు. చేతులు కట్టుకొని చక్రం పక్కన నిలబడింది. పాదిరిగారు ఆమె వైపు చూసినాడు. ఆమె దేవదానం వైపు చూసింది.

దేవదానం మైకు తీసుకున్నాడు. బర్మా పోయొచ్చిన మనిషి దాన్ని రెండుసార్లు చేతులు మార్చుకున్నాడు.

"అయ్యలారా, అమ్మలారా. నేను ఈ బండి డ్రైవరు దేవదానాన్ని. మొన్న మా గుడి ముందర ఈ బండి గరగరమంటే, అది నా భార్య గొంతులో ఉందని చెప్తిని. అబద్ధం. గరగర బండిలో ఉంది. బండిలోకి ఎట్ల వచ్చిందంటే, నేనే పెట్టినా. పలక ముక్కలు దోపి దోపి పెట్టినా. ఆమె గొంతుకు ఏమీ కాలేదు. నాకే... నాకు కొంచెం ఎక్కువైంది."

జనం గొల్లుమన్నారు. పాదిరిగారు బైబిలు అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు ఎగురుతున్నాయి. మణెమ్మ నవ్వలేదు. బండి ఎక్కి ఆయన చేతిలోనుంచి మైకు తీసుకుంది. "జరుగు బావా" అన్నది మెల్లగా. ఆ మాట కూడా స్పీకర్లో ఊరంతా వినపడింది.

ఆమె పాట ఎత్తుకుంది. దేవదానం అలవాటు కొద్దీ పెట్టె దగ్గరికి పోయి, రెండో "తండ్రీ" కోసం పిడికిలి బిగించుకొని నిలబడినాడు. గొంతు పైకి పోయింది, నిలబడింది, ఎండిన చేలమీదుగా తేటగా సాగింది. దూరంగా ఉన్న పెద్ద వీధివాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి జరిగినారు. చప్పుడు కోసం కాచుకున్న ఆయన చెవిలోకి ఆ పాట వచ్చి పడింది. కార్ఖానాలో ఆడవాళ్లు పని ఎందుకు ఆపుతారో ఆయనకు అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా బండి తుడిచే గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

పాట అయిపోయినాక చెన్నయ్య అనే రైతు భుజాన కంబళి సర్దుకుంటా ఆయన దగ్గరికి వచ్చినాడు.

"డ్రైవరన్నా, నీ బండి భలే పలుకుతాందే!"

ఈ ఒక్క మాట కోసమే దేవదానం ఇన్ని దినాలూ ఆ బండిని పొద్దూమాపూ తుడిచినాడు. నోటిదాకా వచ్చిన గొప్పను మింగేసినాడు.

"పలికింది బండి కాదన్నా. నా భార్య."

"ఓహో. మరి నువ్వేం చేస్తావు?"

"నేను నోరు మూసుకోని బండి తోల్తా" అన్నాడు దేవదానం.