పేరు లేని ఇరవై మూడు వస్తువులు

మే పదమూడో తేదీ, మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నాచారం నుంచి ఫోను వచ్చింది. "సార్, మా నాయిన పోయిండు. చాయ్ తాక్కుంట కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అని నర్సయ్య గారి కుమార్తె సుజాత ఏడుస్తూ చెప్పింది. దుఃఖానికి ముందే కోపం వచ్చిందని ఒప్పుకోవడం సంస్మరణ మర్యాదకు విరుద్ధం కావచ్చు. అయినా అబద్ధం రాయలేను. ఉప్పల్‌లోని మా చరిత్ర మ్యూజియంలో ఆనాడు వేసవి శిబిరానికి ఎనిమిదో రోజు. ఇరవై ముగ్గురు పిల్లలు ఇళ్లనుంచి తెచ్చిన ఇరవై మూడు పాత వస్తువులు బల్లమీద ఉన్నాయి. ఏది ఎవరిదో తెలిపే కాగితం ఒక్కటీ లేదు. ఆ జాబితా శిబిరం నడిపే నర్సయ్య గారి తలలోనే ఉండేది.

నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఫిట్టరుగా పనిచేసిన నర్సయ్య గారు తొమ్మిది వేసవులు మా శిబిర శిక్షకులు. చరిత్రలో పట్టా లేదు. వస్తువు అరుగుదలను బట్టి దాన్ని వాడిన మనిషిని దర్శించగల అసాధారణ ప్రజ్ఞ మాత్రం ఉండేది. ఒక పిల్ల తెచ్చిన కొడవలిని తిప్పి చూసి, "ఇది ఎడమ చేతోళ్లది బిడ్డా. మీ ఇంట్ల ఎవరు?" అన్నారు. మరునాడు ఆ పిల్ల పరుగున వచ్చింది. "తాతా, మా నానమ్మదంట! కొట్టి కొట్టి కుడిచేత్తోని తినుడు నేర్పిన్రంట, కోత మాత్రం ఎడమ చేత్తోనేనంట!" అంతటి సజీవ చరిత్ర మా గాజు పెట్టెల్లో ఎక్కడా లేదు.

ఆయన నియమం ఒకటే, అనుల్లంఘనీయం. మొదటి ఏడు రోజులు ఏ వస్తువుకూ పేరుచీటీ ఉండరాదు. పిల్లలు ఒకరి వస్తువును మరొకరు పట్టి చూడాలి, ప్రశ్నించాలి. ఎనిమిదో రోజున చీటీ రాయాలి. నమోదు విభాగంలో పనిచేసే నాకు ఇది దుస్సహంగా ఉండేది. మూడేళ్లు వరుసగా అడిగాను.

"ఒక్క కాగితం, నర్సయ్య గారూ. నా దగ్గరే తాళం వేసి ఉంచుతాను."

"ఏంది సార్ నీ కాగితాల పిచ్చి! చీటీ కనబడ్డంక ఎవడన్న వస్తువును సూస్తడా? చీటీ సదివి పోతడు."

"మరి మీకేమైనా అయితే?"

"నాకేమైతది? నువ్వే జర బీపీ సూపిచ్చుకో."

నేను నవ్వాను. పట్టుబట్టి ఉండవలసింది.

అంత్యక్రియలు ముగియకముందే మా కార్యాలయం తల్లిదండ్రులకు సందేశం పంపింది: అనివార్య కారణాల వల్ల శిబిరం రద్దు. అందులో ఆయన పేరైనా లేదు. ఎందుకని అడిగితే, "పిల్లలకు చావు సంగతి దేనికండీ? బల్ల ఖాళీ చేసి, అవన్నీ స్టోరులో పడేయించండి" అన్నారు పై అధికారి. నేను పడేయించలేదు. ఇరవై మూడు ఇళ్లకూ ఫోను చేశాను. నలుగురి ఫోన్లు కలవలేదు. రెండు రోజుల్లో పందొమ్మిది మంది వచ్చారు.

గురువారం రెండు ఇత్తడి చెంబుల దగ్గర తగవు వచ్చింది. ఇద్దరు తల్లులూ మెరిసే చెంబు తమదేనన్నారు. ఆ రెండింటితోనూ సంబంధం లేని పదేళ్ల అక్షర మధ్యలోకి వచ్చింది. "ఆంటీ, గది మీది గాదు. మీదానికి అంచుల సొట్ట ఉంది, బాయిల పడ్డదని మీ సాయిగాడే చెప్పిండు. గీ మెరిసేదానికి అడుగున మాటేపిచ్చిన్రు, సూడుండ్రి." తిప్పి చూశారు. చిల్లికి వేసిన మాటు ఉంది. ఎవరి చెంబు వాళ్లు తీసుకున్నారు.

అప్పుడా పిల్ల నావైపు తిరిగింది. "తాత ఏడి సార్?"

పై అధికారి వద్దన్నా చెప్పాను. "గట్లయితే చీటీలెవరు రాపిస్తరు?" అంది.

నర్సయ్య గారి స్థానం పూరింపశక్యం కానిది. పూరించగలవారికి అందించదగిన ఒక్క పుటా ఆయన మిగల్చలేదు. తొమ్మిదేళ్లు పక్కనే ఉండి నేనూ రాసుకోలేదు. ఆయన స్మృతికి శిరసు వంచి నమస్కరిస్తూనే, మా ఇద్దరినీ క్షమించలేకపోతున్నాను.

మే ఇరవై మూడు, శుక్రవారం సాయంత్రానికి పరిస్థితి ఇది. పోయినవారు ఒకరు. ఇళ్లకు చేరినవి పందొమ్మిది. రాయని చీటీలు ఇరవై మూడు. నా అలమరాలో నాలుగు. వాటిలో కాటుక భరిణె, తూకపు రాయి ఎవరివో పిల్లలు చెప్పారు. రాగి గొట్టం, ఇనుప కొక్కెం ఏడో రోజు సాయంత్రం, అందరూ వెళ్లిపోయే వేళకు వచ్చాయి. ఏది ఎవరిదో పిల్లలెవరికీ తెలియదు. నర్సయ్య గారికి తెలుసు.