తెలుగు టైపుకు ఉత్త కాళ్లు

కళ్లు మూసుకుని ఇంగ్లీషు టైపు కొట్టగలనని బోధన్‌లో నా అంతట నేనే చాటుకుని తిరిగేవాణ్ణి. సర్కారు ఆఫీసులో టెంపరరీ టైపిస్టును. ఇకమీదట ఉత్తరాలు తెలుగులో నడవాలన్న రోజులు వచ్చాయి. తెలుగు టైపు పరీక్ష పాసైతే ఉద్యోగం పక్కా, తప్పితే ఇంటికే అన్నారు. ఇల్లంటే మా బాపు చెరుకు చేను. చెరుకాకు కోసిన గీతలు నా చేతుల మీద ఇంకా ఉన్నాయి.

నేర్పింది తెలుగు చదవడం రాని ఉస్తాద్. టైపు మిషన్లు బాగుచేసే ముసలాయన, చదువంతా ఉర్దూలో. ఏ మీట ఏ వేలికి వస్తుందో మాత్రం ఆయన చేతులకు తెలుసు. తెలుగు రానాయన నాకు తెలుగు నేర్పడమా అని నలుగురిలో అన్నాను కూడా.

పగలు ఆఫీసులో ఇంగ్లీషు, సాయంత్రం ఆయన దుకాణంలో తెలుగు. నెల తిరక్కుండానే రెంటికి చెడ్డ రేవడినయ్యాను. తెలుగు మిషన్ మీద వేళ్లు ఇంగ్లీషు మీటల చోటికి పోయేవి. ఆఫీసులో 'సర్' అని కొట్టబోతే ఏ భాషకూ చెందని మాట పడేది.

మిషన్లకు దుమ్ము పట్టకుండా ఆ దుకాణంలో అందరం చెప్పులు గడప బయటే విడిచేవాళ్లం. ఉస్తాద్ దాన్నే మందు చేశాడు.

"ఆఫీసుల చెప్పులు తొడుక్కునే కొట్టు. ఈడ ఉత్త కాళ్లతోటి కొట్టు. ఏ మిషన్ ముందట కూసున్నవో కాళ్లే చేతులకు చెప్తయి," అన్నాడు.

లోలోపల నవ్వుకున్నాను. పదిహేను రోజుల్లో నవ్వూ పోయింది, తప్పులూ తగ్గాయి. అదంతా నా తెలివేనని ఆఫీసులో చెప్పుకున్నాను.

పరీక్షకు నిజామాబాద్ పోతూ, దర్జాగా ఉంటుందని మా బావ బూట్లు తొడుక్కున్నాను. గంట కొట్టారు. మొదటి వరుస తెలుగూ కాలేదు, ఇంగ్లీషూ కాలేదు. చెరుకు చేను కళ్లముందు కనబడింది. వంగి లేసులు విప్పుతుంటే, చీటీలు దాచాననుకుని పరీక్ష సారు వచ్చి బూట్లు రెండూ దులిపాడు.

"ఏంది గిది?" అన్నాడు.

"కాళ్లకు గాలి ఆడ్తలేదు సార్," అన్నాను.

తర్వాత ఉత్త కాళ్లతో కొట్టి, చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు పాసయ్యాను.

నన్ను పర్మనెంటు చేసే ఆర్డరును నన్నే తెలుగులో టైపు చేయమని ఆఫీసరు ఎదురుగా నిలబడ్డాడు. దాని నకలు పట్టుకుని ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన చదివించుకుని విన్నాడు, సంతోషపడ్డాడు. కాగితం తీసుకుని, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన మొదటి వరుస మీద వేలు పెట్టాడు.

"ఇది చెప్పులతోటి కొట్టినవ్," అన్నాడు. "కిందిదంత ఇడిసి కొట్టినవ్."

నిజమే. ఆఫీసరు అటు తిరిగేదాకా చెప్పులు విడవడానికి నాకు సిగ్గేసింది. ఉస్తాద్‌కు తెలుగు రాదని మళ్లీ ఎవరితోనూ అనలేదు.