ఓటు కోసం అరువు హారం

ఆ రోజుల్లో నేను ఒకేసారి రెండు ఊళ్ళలో ఉండేదాన్ని. ఒళ్ళేమో దుబాయ్‌లో, ఒక అరబ్బు మేడమ్ గారింట్లో, పిల్లల బట్టలు ఇస్త్రీ చేస్తూ ఉండేది. మనసేమో గోదావరి పక్కన మా వీధి కుళాయి దగ్గర, బిందె చంకన పెట్టుకుని వరసలో నిలబడి ఉండేది. ఇస్త్రీపెట్టె ఆవిరి మొహానికి తగిలితే కార్తీకమాసం పొద్దుటి మంచులోకి నడిచి వెళ్ళినట్టుండేది (అలా వెళ్ళినప్పుడల్లా కాలిన చొక్కాల సంగతి మేడమ్‌కి తెలుసు, మీకెందుకు లెండి). కరోనా వెళ్ళీ వెళ్ళని కాలం. ఇంటికి వెళ్ళాలంటే కలలోనే వెళ్ళాలి, దానికైతే టికెట్టూ పరీక్షలూ అక్కర్లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం మా పిన్ని ఫోన్ చేసి, కూరేం వండావని అడిగినంత తేలిగ్గా, "ఏమే, ఓట్ల లిస్టులోంచి నీ పేరు కొట్టేత్తన్నారే," అంది. మా పిన్ని అంటే మా అమ్మకి సొంత చెల్లెలు, ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. మా వీధి ఓట్ల లిస్టు సరిచూసే పని కూడా ఆవిడదే. లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వెళ్ళిందట. "మీ అమ్మాయి ఇక్కడే ఉంటందా?" అని సొంత అక్కనే పరాయిదానిలా అడిగిందట. మా అమ్మకి అంతకంటే కావలసిందేముంది? "మా అమ్మాయి ఇక్కడెందుకుంటాదే, దుబాయ్‌లో ఉంటేనూ!" అని అక్కడితో ఆగక, నేను పంపిన దుప్పటీ, టార్చిలైటూ, ఖర్జూరం డబ్బా తెచ్చి సాక్ష్యంగా అరుగు మీద పరిచిందట. "అన్ని సాక్ష్యాలు చూశాక ఎలా ఉంచనే? అక్క అక్కే, ఉద్యోగం ఉద్యోగమే," అంది పిన్ని.

ఓటు కార్డు వచ్చిన ఏడాదే నేను విమానం ఎక్కాను. ఒక్కసారైనా వేలికి సిరా పెట్టించుకోలేదు. ఇక్కడ నేను పడుకునే మంచం మేడమ్‌ది, అక్కడ నా మంచాన్ని తమ్ముడు ఎప్పుడో ఆక్రమించేశాడు. ఊళ్ళో నాదంటూ మిగిలింది ఆ లిస్టులో పేరొక్కటే. అదీ కొట్టేస్తే నేను ఏ ఊరిదాన్నని చెప్పుకోవాలి? ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. పిన్ని కాసేపు విని, "ఊరుకోవే. బయటి దేశాల్లో ఉన్నోళ్ళకి వేరే ఫారం ఉంది. పాస్‌పోర్టు, వీసా, ఓ ఫోటో ఫోన్లో ఎక్కించు. ఎంక్వయిరీకి మళ్ళీ నేనే వత్తాను," అంది.

చెప్పినంత తేలికైతే ఇంకేం. నా పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో, ఆవిడ అత్తరు సీసాల వెనకాల ఉంటుంది. అడగ్గానే ఆవిడ మొహం మాడిపోయింది. "లేష్? సఫర్?" అంది. ఎందుకు, ప్రయాణమా అని. "మాఫీ సఫర్ మేడమ్," అన్నాను, ప్రయాణం లేదని. ఓటుని అరబ్బీలో ఏమంటారో నాకేం తెలుసు? ఎడమ చేతి చూపుడువేలు ఎత్తి, గోరు మీద గీత గీసినట్టు చేసి, గర్వంగా నవ్వాను. ఆవిడ కంగారుగా లోపలికెళ్ళి, బ్యాండేజీ పట్టీ తెచ్చి నా వేలికి చుట్టింది. చివరికి సిరా వేళ్ళు చూపిస్తూ జనం నిలబడిన ఫోటో ఒకటి ఫోన్లో వెతికి చూపిస్తే ఆవిడ పడీపడీ నవ్వి, పాస్‌పోర్టు పేజీలు తనే ఫోటో తీసి పంపింది. పుస్తకాన్ని మాత్రం మళ్ళీ అత్తరు సీసాల వెనకే పెట్టింది.

ఇక నా ఫోటో. శుక్రవారం సెలవుకి అల్ ఖూజ్‌లో హారం అక్క గదికి చేరేవాళ్ళం. ఆవిడ ఒక కంపెనీ మెస్సులో వంట చేసేది. మా వీధి మనిషే. ఆవిడ దగ్గర నెమలికంఠం రంగు పట్టుచీర ఒకటి, బొడ్డుదాకా వేలాడే వన్‌గ్రామ్ గోల్డ్ హారం ఒకటి ఉండేవి. ఇళ్ళల్లో పనిచేసే మా వాళ్ళలో ఎవరు ఇంటికి ఫోటో పంపాలన్నా అవి కట్టుకుని, పెట్టుకుని దిగాల్సిందే. బోసిమెడతో ఫోటో పంపితే అక్కడ "పిల్ల ఏం కష్టాలు పడతందో" అని అమ్మలు అన్నం మానేస్తారు మరి. దుబాయ్‌లోనే ఇంకో ఇంట్లో పనిచేసే మా వదినా నేనూ వెళ్ళాం. అక్కతో కలిపి మా ముగ్గురి పేర్లూ ఒకే గండంలో ఉన్నాయి. "యల్లా, యల్లా, చీర నలిగిపోతంది!" అని అక్క తొందరపెడుతుంటే, ఒకరు విప్పడం, ఇంకొకరు కట్టడం. అదే గోడ, అదే పౌడరు, అదే హారం. హారం బరువు మెడ మీద పడగానే నేను మళ్ళీ కలలోకి వెళ్ళిపోయాను. పోలింగు బూతులో నిలబడినట్టు, అధికారి నా పేరు పైకి చదివినట్టు.

ఫారాలు ఎక్కించాక వారం తిరక్కుండా పిన్ని ఫోన్. ఈసారి గొంతు పూర్తిగా టీచరుది. "ఏమే, ఏం చేశారే మీరు? మండలాఫీసులో మూడు ఫారాలూ పక్కపక్కన పెట్టి, ఒకత్తే మూడు పేర్లతో పెట్టిందంటన్నారు!" నేను గతుక్కుమన్నాను. "నువ్వు చెప్పచ్చుగా పిన్నీ, నేనేనని?" అంటే, "నే జెప్తే చెల్లదు. ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టాల. మీ అమ్మకి చూపించాను. 'ఇది మా అమ్మాయి కాదు' అనేసింది," అంది.

వెనకనుంచి అమ్మ గొంతు ఖంగుమంది. "కాదంటే కాదు! మా పిల్లకి అంత హారం ఎక్కడిదే? కొనుక్కుంటే నాకు చెప్పకుండా ఉంటాదా?" కన్నతల్లి నన్ను మొదటిసారి గొప్పకి పోయి లిస్టులోంచి తీయించింది, రెండోసారి అలిగి తీయిస్తోంది. ఈ లెక్కన నాకు శత్రువులు వేరే ఎందుకు?

చేసేదేముంది, తర్వాతి శుక్రవారం ముగ్గురం వీడియోలో కనిపించాం. పిన్ని పరీక్ష పెట్టినట్టే పెట్టింది. హారం అక్క మెడలోంచి వదిన మెడలోకి, వదిన మెడలోంచి నా మెడలోకి మారింది. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని తుడుచుకుని చూసింది. "ఇప్పుడు తియ్యి," అంది. తీశాను. అమ్మ ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. తర్వాత మెల్లిగా, "మెడ మా అమ్మాయిదేనే. రాసుకో," అంది పిన్నితో. ఆ గొంతు విని అక్క గదిలో మేం ముగ్గురం ఎటో చూస్తూ కూర్చున్నాం. చీర మడతపెట్టడం ఎవరికీ గుర్తురాలేదు.

పేరు వచ్చింది. లిస్టు చివర, దేశం బయట ఉన్నవాళ్ళకి వేరే పెట్టిన చోట, మా ముగ్గురివే. పిన్ని ఆ పేజీ ఫోటో తీసి పంపితే ఫోన్ గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను. అయితే ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని మనిషి స్వయంగా వెళ్ళాలి. ఎన్నికలొచ్చిన నెలలో మేడమ్‌కి చుట్టాలొచ్చారు, నాకు సెలవు రాలేదు. పోలింగు రోజు పొద్దున్నే తలస్నానం చేసి, మేడమ్ కూతురి మార్కరుతో నా వేలి మీద నేనే గీత గీసుకున్నాను. ఆ రోజంతా గిన్నెలు ఆ ఒక్క వేలు ఎత్తిపట్టుకునే తోమాను. సాయంత్రం మేడమ్ చూసి, నవ్వకుండా, "ఖలాస్?" అంది. అయిపోయిందా అని. "ఖలాస్ మేడమ్," అన్నాను.

ఆ వేలికి నిజం సిరా ఇంకా అంటలేదు. అయినా ఆ మధ్య పాస్‌పోర్టు మారగానే మొట్టమొదట చేసిన పని, కొత్త నంబరు ఓట్ల వాళ్ళకి తెలియజేయడం. మొన్న పిన్ని మళ్ళీ లిస్టు పట్టుకుని ఇంటికి వెళ్ళి, నేనూ వినాలని ఫోన్ కలిపే ఉంచి, "మీ అమ్మాయి ఉందా?" అని అడిగింది. దుప్పటీ, టార్చిలైటూ బయటికొస్తాయేమోనని నేను పొయ్యి మీద పాలు వదిలేసి ఫోన్ చెవికి నొక్కుకున్నాను. "ఎందుకు లేదూ, ఉంది," అంది అమ్మ. "ఎక్కడే?" అంది పిన్ని. "నీ చేతిలో కాయితం ఉందిగా, ఆఖర్న చూడు."

మేడమ్ గారి పాలు పొంగిపోయాయి. పొంగనిచ్చాను.