మూడో రోజు పొగ

ఆత్మకూరులో రామనారాయణ ఎడమకాలి బొటనవేలిని డాక్టరు శిల్ప నొక్కి చూసింది. గోరు పక్కన చర్మం నల్లబడి ఉంది.

"రోజుకు ఎన్ని సిగరెట్లు తాగుతారు?"

"రెండు పెట్టెలమ్మా. ఒక్కోరోజు మూడు."

"రక్తనాళాలు మూసుకుపోతున్నాయి. ఈరోజే మానేస్తే పాదం నిలబడుతుంది. లేకపోతే ఎక్కడిదాకా తీసేయాల్సొస్తుందో నేను చెప్పలేను."

తాగాలనిపించినప్పుడు నమలమని నికోటిన్ గమ్ రాసిచ్చింది. అతను బస్టాండు దగ్గర పెట్టెను మురుగుకాలవలో పడేసి ఇంటికొచ్చాడు.

రామనారాయణరెడ్డికి యాభై మూడేళ్లు. మర్రిపాడు దగ్గర పొగాకు రైతు. పొలం గట్టున రెండు బ్యారన్లున్నాయి. మేడంత ఎత్తు గదులు. కర్రలకు కట్టిన పచ్చాకును లోపల వేలాడదీసి, కింద ఇనప గొట్టాల్లో వేడి పంపి ఆరబెడతారు. మొదటి సిగరెట్టు పదహారో ఏట ఆ పొయ్యి నిప్పుతోనే ముట్టించాడు. ఇప్పుడు మానాల్సింది కూడా అక్కడే, ఆకు వాసన మధ్యే.

మొదటిరోజు పంతంతో గడిచింది. రెండోరోజు తల బద్దలయ్యే నొప్పి, అన్నం గడ్డి తిన్నట్టుంది. మూడోరోజు పొద్దున లేచేసరికి చేతులు వణుకుతున్నాయి. భార్య ప్రమీలమ్మ కాఫీ గ్లాసు కిందపెట్టిన చప్పుడుకే ఒళ్లు మండింది.

రెండో బ్యారన్ ముందు దేవకమ్మ, ఇంకో నలుగురు ఆడకూలీలు ఆకు కడుతున్నారు. పన్నెండేళ్లుగా ఆమె కట్టిన ముడికి అతను వంక పెట్టింది లేదు. ఆరోజు కట్టిన కర్రను కాలితో తన్నాడు.

"ఇదేంది, కట్టడమా? కళ్లు ఇంట్లో పెట్టొచ్చినావా?"

దేవకమ్మ లేచి చీరకంటిన ఆకు దులుపుకుంది. "నీ బాధ మాకు తెలుసు రెడ్డీ. అట్లని తన్నితే పడుండేదానికి మేమేం గొడ్లం కాదు." అయిదుగురూ సద్ది గిన్నెలు తీసుకుని వెళ్లిపోయారు.

అతను బండి తీసి రోడ్డు మీది సిగరెట్ల బంకుకు పోయాడు. ఏం కావాలని ఎవరూ అడగలేదు. బంకతను అలవాటుగా సిగరెట్టు తీసి ముందుపెట్టాడు. దాన్ని పెదాల మధ్య పెట్టుకుని అగ్గిపెట్టె అందుకుంటుంటే ఫోను మోగింది.

"ఎక్కడున్నావయ్యా? మొదటి బ్యారన్లో మంట కనిపిస్తా ఉండాది!" ప్రమీలమ్మ అరిచింది.

"తలుపు తియ్యబాక! ఎవుర్నీ తియ్యనియ్యబాక! వస్తా ఉండా."

సిగరెట్టు ఎక్కడ పడిందో తెలియదు. వచ్చేసరికి అద్దం కిటికీలో ఎర్రగా కదులుతోంది. చెదపట్టిన కర్రొకటి విరిగి, ఎండిన ఆకు కాలే గొట్టం మీద పడింది. తలుపు తీస్తే గాలి తగిలి గదంతా ఒక్కసారే అంటుకుంటుంది. కింది గాలి కంతలకు తడి గోతాలు కుక్కాడు, పైకిటికీల తాడు లాగి మూశాడు, పొయ్యిలో కట్టెలు బయటికి లాగాడు. ఇక చేసేదేమీ లేదు, ఎదురుచూడటమే. బ్యారన్ కప్పు కూలితే ఏడాది కష్టం బూడిదే. పొగ చూసి దారిలోంచి వెనక్కొచ్చిన దేవకమ్మ వాళ్లు బిందెలతో వరస కట్టారు.

ఎరుపు తగ్గాక తడిగోతం కప్పుకుని లోపలికి దూరాడు. విరిగిన కర్రను ఈడ్చుకుని బయటపడ్డాడు. కాలిన పొగాకు పొగ గొంతులోకి పోగానే ఊపిరాడలేదు. కానీ ఆ ప్రాణభయంలోనూ మూడురోజుల నుంచి బిగుసుకున్న ఒళ్లు హాయిగా సడలింది. అది తెలిసి అతనికి నిప్పును చూసినదానికన్నా ఎక్కువ భయమేసింది.

ఇరవై కర్రల ఆకు పోయింది. మిగిలింది దక్కింది. పక్క పొలం మస్తానయ్య వచ్చి, సిగరెట్టు ముట్టించి మరీ చేతిలో పెట్టాడు. "తాగు రెడ్డీ. ఈ పూటకేం కాదులే."

సగం దాకా తాగాడు. ప్రమీలమ్మ చూసింది. ఖాళీ బిందె తీసుకుని ఇంట్లోకి పోయింది. ఆమె అట్లా పోవడమే అతన్ని నిలవనీయలేదు. డాక్టరుకు ఫోన్ చేశాడు.

"తాగినానమ్మా. అయిపోయింది. నావల్ల కాదు."

"మూడు రోజులు మీవల్ల అయింది కదా? ఈ పూట నుంచి మళ్లీ మొదలుపెట్టండి. గమ్ ఎక్కడుంది?"

"ఇంట్లో ఉండాది."

"ఇంట్లో కాదు, జేబులో ఉండాలి."

మర్నాడు దేవకమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. "నోరు జారినాను. కాలు గూడా జారింది."

"మా ఆయన సారా మానినప్పుడు నెల పొడుగునా తన్నులు తిన్నాను," అందామె. "నీకా అవకాశం ఇయ్యను. చిరాకొస్తే చేనంతా తిరిగిరా. మా దగ్గరికి మాత్రం రాబాక."

అట్లాగే చేశాడు. రెండో వారానికి వణుకు పోయింది. రెండోనెలకు ఆకలి తిరిగొచ్చింది, కోపం మాత్రం నిదానంగా తగ్గింది. జేబు తడుముకోవడం ఇంకా పోలేదు. వేలి కొస తీసేశారు. పాదం నిలిచింది.

పొగాకు వేలం సీజనులో మస్తానయ్య అడిగాడు. "నువ్వు తాగవు, ఊరికి మాత్రం పండిస్తావా?"

ఆ మాట రామనారాయణ ఇంటికెళ్లి ప్రమీలమ్మకు చెప్పాడు. తర్వాతి పంటకు పొగాకు సగం తగ్గించి కంది వేశాడు. మిగతా సగం సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు.