రాజోలు క్యాంపులో ఒకే లైను

వరద డ్యూటీకి రాజోలు చేరేసరికి ఉదయం తొమ్మిదీ ఇరవై. వాన ఆగింది. గోదావరి మాత్రం తగ్గలేదు. మా క్యాంపు ఒక స్కూలు మేడ మీద. మూడు పడవలు, రెండు వైర్‌లెస్ సెట్లు, ఒక లినక్స్ కంప్యూటరు, ఒక మోడెం. ఫోనుకైనా ఇంటర్నెట్‌కైనా క్యాంపుకి ఉన్న లైను ఒక్కటే. ఆర్మీలో సిగ్నల్స్ వాణ్ణి కాబట్టి అది నా చేతికొచ్చింది.

"పడవ కావలసినవాళ్లకి మన నంబరు చెప్పించు. ఇంటర్నెట్‌లో పైకి రిపోర్టు పంపు," అన్నారు కెప్టెన్ గారు.

కనెక్షన్ పదేపదే తెగుతోంది. నాకసలే ఓపిక తక్కువ. డయలప్ సెట్టింగుల ఫైలు తెరిచి 'పర్సిస్ట్' అనే మాట చేర్చాను. తెగితే కంప్యూటరే మళ్లీ డయల్ చేస్తుంది, ఎన్నిసార్లయినా వదలదు. పన్నెండూ నలభైకి రిపోర్టు వెళ్లింది. వెంటనే ఆ మాట తీసేసి, లైను ఖాళీ చేయాలి. మర్చిపోయాను. మోడెం గోల భరించలేక స్పీకరు కూడా కట్టేసి, బియ్యం బస్తాలు దింపడానికి కిందికి పోయాను.

మూడింటికి వైర్‌లెస్ ఆపరేటర్ అడిగాడు. "ఫోను ఒక్కసారీ మోగలేదేంటన్నా?"

"మంచిదేగా! అంతా క్షేమమన్నమాట," అన్నాను. నా నోరు పడిపోనూ!

నాలుగింటికి పడవ నడిపే పెద్దాయన పరుగున వచ్చాడు. "లంకలో ఒకాయన్ని పాము కరిచిందండి. మధ్యాహ్నం నుంచీ మీకు ఫోను చేస్తన్నారంటండి. తగల్లేదంటండి."

మేడెక్కి మోడెం తీగ పీకేశాను. నాలుగూ ముప్పై ఐదుకి లంక చేరాం. ఆయన అప్పటికే పోయాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

ఆయన భార్య ఫోను పక్కనే కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎంగేజ్ వచ్చిందండి. ఎవరికేం కష్టమొచ్చిందో, వాళ్లు చెప్పుకోవాలి కదండీ. అందుకే ఆగి ఆగి చేశానండి," అంది.

అవతల మనుషులెవరూ లేరమ్మా, నేను మర్చిపోయిన మిషనమ్మా అది అని చెప్పలేకపోయాను. కెప్టెన్ గారికి చెప్పాను. ఆమెకి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

ఆరో రోజు వెనక్కి వెళ్లాం. సిగ్నల్స్ పని భేష్ అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. రిటైరై ఇప్పుడు అమలాపురంలో ఉంటున్నాను. ఎన్ని చూశానో సర్వీసులో, అన్నీ మసకబారాయి. ఇదొక్కటే పోదు. ఆ సాయంత్రం ఆమె ముమ్మిడివరంలో ఉన్న కూతురికి ఫోను కలిపి, రిసీవరు నాకేసి చాచింది.

"మీరే చెప్పండి బాబూ."

చాచిన ఆ చేతిలోంచి చిన్నగా వినిపిస్తోంది. "అమ్మా, పడవొచ్చిందా?"